తెలుగు నవల: తొలి ప్రతి నుంచి అచ్చు పుస్తకం దాకా ఏ పని ఎప్పుడు చేయాలి

"నవల మొదలుపెట్టాను, సగంలో ఆగిపోయింది" అనేవారూ, "పూర్తయింది, ఇప్పుడు ఎవరికి పంపాలి" అనేవారూ తరచుగా ఒకే చిక్కులో ఉంటారు: ఒక దశలో చేయవలసిన పనిని మరో దశలో చేస్తుంటారు. మొదటి అధ్యాయాన్నే పదేపదే చెక్కుతూ రెండో అధ్యాయానికి చేరనివారు కొందరైతే, దిద్దుబాటు కాకముందే అట్ట బొమ్మ వేయించి ముందుమాటలు అడిగేవారు మరికొందరు. అందుకే ఈ మార్గదర్శిలో ఏది ముందు, ఏది తరువాత అన్నదానికే ఎక్కువ చోటు ఇస్తున్నాను. చట్టం, ఒప్పందాల గురించి చెప్పినవన్నీ భారతదేశంలో అమలులో ఉన్న నియమాలు.

1. మొదటి వాక్యానికి ముందు

కథ మొత్తం ముందే తెలిసి ఉండాలన్న నియమం లేదు. కథ ఎవరిది, ఆ మనిషికి ఏం కావాలి, దానికి అడ్డమేమిటి, ఏ సంఘటనతో నవల మొదలవుతుంది, సుమారుగా ఎక్కడ ఆగుతుంది అన్న ప్రశ్నలకు ఒక్కో వాక్యంలో జవాబు రాయగలిగితే పని మొదలుపెట్టవచ్చు. రాస్తున్నకొద్దీ ఈ జవాబులు మారుతాయి. మారిన ప్రతిసారీ కొత్త జవాబును తేదీతో సహా రాసి ఉంచుకోవాలి.

దీనితోపాటు మూడు పట్టికలు తయారు చేసుకోవాలి. మొదటిది కాలపట్టిక. పాత్రలు పుట్టిన సంవత్సరాలు, పెళ్లిళ్లు, మరణాలు, కథకు ఆనుకొని ఉన్న బయటి సంఘటనలు ఇందులో ఉండాలి. 1977 నవంబరులో దివిసీమ ఉప్పెన వచ్చినప్పుడు పదేళ్ల పిల్లవాడైన పాత్రకు 1995లో ఇరవై ఎనిమిదేళ్లుండాలి. నలభై అధ్యాయాల నవలలో ఈ లెక్క రచయితకు గుర్తుండదు.

రెండోది పిలుపుల పట్టిక. ఎవరు ఎవరిని ఏ వరసతో పిలుస్తారు, ఎవరిని "నువ్వు" అంటారు, ఎవరిని "మీరు" అంటారు, కథనంలో రచయిత ఏ పాత్రను "అతను" అంటున్నాడు, ఎవరిని "ఆయన" అంటున్నాడు అన్నవి ఇందులో రాసుకోవాలి. మూడో అధ్యాయంలో వదినను "మీరు" అన్న మరిది పన్నెండో అధ్యాయంలో "నువ్వు" అన్నాడంటే, ఆ మధ్యలో వారిద్దరి నడుమ ఏదో జరిగిందనే పాఠకుడు అనుకుంటాడు. నిజంగా జరిగి ఉంటే ఆ మార్పు ఒక పేజీ వర్ణనకంటే బలంగా పనిచేస్తుంది. జరగకపోతే అది తప్పు, అదీ దొరకడం కష్టమైన తప్పు.

మూడోది వర్తని (మాటల రాతరూపం, స్పెల్లింగు) పట్టిక. "తర్వాత", "తరువాత", "వెళ్లి", "వెళ్ళి", "రాశాడు", "వ్రాశాడు" వంటి జంటల్లో మీరు దేన్ని వాడబోతున్నారో ఇప్పుడే నిర్ణయించుకోవాలి. రెండూ ఒప్పే కావచ్చు, కానీ ఒకే నవలలో రెండూ ఉండకూడదు. సంభాషణల్లో మాండలికం వాడదలిస్తే, ఏ పాత్ర ఏ ప్రాంతపు రూపాలు పలుకుతుందో కొన్ని నమూనా వాక్యాలు కూడా ఈ పట్టికలోనే రాసి ఉంచుకోవడం మంచిది.

ఇక టైపు సంగతి. మొదటి రోజు నుంచే యూనికోడ్‌లో, అంటే ఏ కంప్యూటరైనా ఫోనైనా చదవగల అక్షర పద్ధతిలో, రాయండి. ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు వాడినా, ఇంగ్లీషు అక్షరాలతో కొట్టే పద్ధతి వాడినా ఫలితం ఒక్కటే. అను వంటి పాత ఫాంట్లలో టైపు చేసిన ప్రతిని వెతకడం, వర్తని సరిచూడడం, ఫోనులో చదవడం, ఈ-పుస్తకంగా మార్చడం అన్నీ కష్టమవుతాయి. డిటిపి చేసేవారికి అను లిపి అవసరమైతే, ఆ మార్పిడి చిట్టచివరి ప్రతికి మాత్రమే జరగాలి.

2. రోజుకు ఎంత, ఎప్పుడు

ఇంగ్లీషు నవలల పదాల లెక్కలను తెలుగుకు అన్వయించుకోవద్దు. విభక్తులు, కాలం, వ్యతిరేకార్థం అన్నీ ఒకే పదంలో ఇమిడిపోయే భాష కాబట్టి, అదే కథ తెలుగులో తక్కువ పదాల్లో పూర్తవుతుంది. రోజుకు మూడు వందల పదాల చొప్పున వారానికి ఐదు రోజులు రాసినా ముప్ఫై వారాల్లో 45,000 పదాలవుతాయి, అంటే ఒక మోస్తరు నవల.

ఉద్యోగం, ఇల్లు చూసుకుంటూ రాసేవారికి తీరిక సమయం కంటే నిర్ణీత సమయం ముఖ్యం. సెలవు రోజున ఆరు గంటలు కూర్చుందామనుకునేవారు మొదటి గంటన్నర పాత పేజీలు చదువుకోవడంలోనే గడిపేస్తారు. రోజూ నలభై నిమిషాలు రాసేవారికి నిన్నటి సన్నివేశం ఇంకా నోట్లో ఆడుతూనే ఉంటుంది.

ఒక రోజు తప్పితే మరునాడు రెట్టింపు రాయాలని పెట్టుకోకండి. ఆ అప్పు పెరిగిపోయి నవలనే వదిలేసినవారున్నారు. ఏ రోజు పని ఆ రోజుదే.

ఆపేటప్పుడు సన్నివేశం మధ్యలో, తరువాతి మాట ఏమిటో తెలిసిన చోట ఆపండి. అధ్యాయం ముగించి ఆపితే మరునాడు ఖాళీ పేజీ ముందు కూర్చోవలసి వస్తుంది.

3. తొలి ప్రతి

తొలి ప్రతికి ఒక్కటే నియమం: వెనక్కి వెళ్లి దిద్దకూడదు. ఇరవయ్యో అధ్యాయంలో ఉండగా, కథానాయిక తండ్రి బతికి ఉండకూడదని తెలిసిందనుకోండి. అక్కడ కుండలీకరణాల్లో "తండ్రి 4వ అధ్యాయంలోనే చనిపోయినట్టు మార్చాలి" అని రాసుకొని, చనిపోయినట్టుగానే ముందుకు సాగిపోవాలి. వాస్తవాలు తెలియని చోట కూడా ఇదే పద్ధతి: "కోర్టు వాయిదా తంతు కనుక్కోవాలి" అని గుర్తు పెట్టి దాటిపోవాలి.

కలం ఆగిపోవడానికి కారణాలు ఎక్కువగా మూడే ఉంటాయి.

సన్నివేశంలో ఎవరికీ ఏమీ అక్కర లేకపోవడం ఒకటి. ఇద్దరు కూర్చొని గతం చెప్పుకుంటూ ఉంటే కథ కదలదు. వారిలో ఒకరికి రెండోవారి నుంచి ఏదో కావలసి ఉండేట్టు మార్చండి. అప్పు కావచ్చు, క్షమాపణ కావచ్చు, ఇంటి తాళంచెవి కావచ్చు.

రాయడానికి ఇష్టం లేని సన్నివేశం వరసలో అడ్డుగా ఉండడం రెండోది. దాన్ని వదిలి తరువాతి సన్నివేశం రాయండి. వదిలినది లేకపోయినా కథ అర్థమవుతుంటే, దానికి నవలలో చోటు లేదన్నమాట.

కథ చెప్పేవారు తప్పు కావడం మూడోది, కాస్త ఖరీదైనది కూడా. తమ్ముడి కళ్లతో చెబుతున్న కథ అసలు అక్కది కావచ్చు. ఆగిపోయిన సన్నివేశాన్ని రెండో మనిషి వైపు నుంచి ఒక పేజీ రాసి చూస్తే ఈ సంగతి వెంటనే తేలిపోతుంది.

ఈ దశలో ఎవరికీ చూపించకండి. సగం నవలకు వచ్చిన మెచ్చుకోలు కూడా హాని చేస్తుంది, ఎందుకంటే మిగతా సగాన్ని ఆ మెచ్చినవారి కోసం రాయడం మొదలవుతుంది.

4. పక్కన పెట్టడం

పూర్తయిన ప్రతిని కనీసం ఒక నెల తెరవకండి. ఆ నెలలో తొలి ప్రతిలో గుర్తు పెట్టిన వాస్తవాలను కనుక్కోండి. తీసిన తరువాత తెరమీద కాకుండా కాగితాల మీద, లేదా కనీసం వేరే ఫాంటులో, వేరే పరిమాణంలో చదవండి.

5. దిద్దుబాటు: మూడు విడతలు

దిద్దుబాటులో అందరూ చేసే పొరపాటు అక్షరదోషాలతో మొదలుపెట్టడం. తీసివేయబోయే అధ్యాయంలో దీర్ఘాలు సరిచేయడం వల్ల లాభం లేకపోగా, దిద్దిన పేజీ మీద మమకారం పెరిగి దాన్ని తీసివేయడానికి చేయి రాదు.

మొదటి విడత కథకు మాత్రమే. అధ్యాయానికి ఒక వాక్యం చొప్పున, ఆ అధ్యాయంలో ఏం మారిందో రాయండి. ఏమీ మారని అధ్యాయాలు అక్కడే బయటపడతాయి. వాటిని పక్క అధ్యాయంలో కలపాలి, లేదా తీసివేయాలి. తీసివేసినవాటిని వేరే ఫైలులో దాచుకుంటే చేయి తేలిగ్గా ఆడుతుంది. దాచినవాటిని తిరిగి వాడుకునే అవసరం అరుదుగానే వస్తుంది.

రెండో విడత సన్నివేశాలకు, సంభాషణలకు. ఇక్కడ మొదట తయారు చేసుకున్న పిలుపుల పట్టికను పక్కన పెట్టుకొని, ఒక్కో పాత్ర మాటలను మొదటి నుంచి చివరి దాకా విడిగా చదవాలి. మాట్లాడేవారి పేర్లు చేతితో మూసినా ఎవరు మాట్లాడుతున్నారో తెలియాలి. సంభాషణలో అందరూ ఒకే రకం తెలుగు, అదీ సంపాదకీయం తెలుగు మాట్లాడుతుంటే ఎంత మంచి కథైనా తేలిపోతుంది.

మూడో విడత వాక్యాలకు. దీన్ని తప్పనిసరిగా బయటికి చదువుతూ చేయాలి. తెలుగు వాక్యం క్రియతో ముగుస్తుంది కాబట్టి "వచ్చాడు. కూర్చున్నాడు. అడిగాడు. నవ్వాడు." అన్న మోత కంటికి కనిపించకపోయినా చెవికి వెంటనే తెలుస్తుంది. కొన్నిటిని "వచ్చి కూర్చొని" అని కలపడం, కొన్నిటికి కర్తను మార్చడం, కొన్నిచోట్ల క్రియ లేని చిన్న వాక్యం వాడడం దీనికి విరుగుడు. అయితే అసమాపక క్రియలను ఐదారు వరసగా గుచ్చి అరపేజీ వాక్యం చేయడం వేరే రోగం. చివరికి వచ్చేసరికి కర్త ఎవరో పాఠకుడు మరచిపోతాడు.

ఈ విడతలో చూడవలసినవి:

- "అన్నాడు" చాలిన చోట "వాపోయాడు", "గర్జించాడు", "సమాధానపరిచాడు" వంటివి వచ్చాయా?
- ఒకే వాక్యంలో "అని" మూడు సార్లు వచ్చిందా?
- భూతకాలంలో నడుస్తున్న కథనం కారణం లేకుండా "వస్తాడు, చూస్తాడు" లోకి జారిందా?
- "చేయబడింది", "చెప్పబడింది" వంటి రూపాలు ఎక్కడైనా మిగిలాయా?
- మీకు అలవాటైన మాట (ప్రతి రచయితకూ ఒకటి ఉంటుంది: "ఒక్కసారిగా", "ఎందుకో", "మౌనంగా") ఎన్నిసార్లు వచ్చిందో వెతికి లెక్కపెట్టారా?
- పాత్ర మాటల్లో తెలిసిపోయిన భావాన్ని కథనం మళ్లీ వివరిస్తున్నదా?

6. ఇతరులచేత చదివించడం

మూడో విడత అయ్యాకే ఇతరులకు ఇవ్వాలి. ముగ్గురు చాలు: నవలలు విరివిగా చదివేవారు ఒకరు, కథలోని వృత్తి లేదా ప్రాంతం తెలిసినవారు ఒకరు, మొహమాటం లేనివారు ఒకరు. "ఎలా ఉంది" అని అడిగితే "బాగుంది" అనే జవాబే వస్తుంది. "ఎక్కడ పుస్తకం పక్కన పెట్టారు", "ఎవరెవరు కలగలిసిపోయారు", "ఏ పేజీలు దాటేశారు" అని అడగండి. ఇద్దరు ఒకే చోట ఆగితే అక్కడ లోపం ఉన్నట్టే. కానీ దానికి వారు చెప్పే చికిత్సను అలాగే పాటించనక్కరలేదు.

7. ప్రచురణకు దారి ఎంచుకోవడం

తెలుగులో నవలకు ఉన్న దారులు నాలుగు: పత్రికలో ధారావాహిక, నవలల పోటీ, ప్రచురణ సంస్థ, సొంత ప్రచురణ. వీటిని ఏ వరసలో ప్రయత్నించాలన్నది ముఖ్యం, ఎందుకంటే ఒక తలుపు తీస్తే మరొకటి మూసుకుపోవచ్చు.

పోటీలకు, ధారావాహికలకు సాధారణంగా హామీపత్రం అడుగుతారు: రచన సొంతమని, అనువాదం, అనుసరణ కాదని, ఎక్కడా ప్రచురితం కాలేదని, మరెక్కడా పరిశీలనలో లేదని సంతకం చేయాలి. ప్రతిలిపి వంటి అంతర్జాల వేదికలో, ఫేస్‌బుక్‌లో భాగాలుగా పెట్టిన నవలను చాలా పోటీలు ప్రచురితమైనదిగానే లెక్కిస్తాయి. అందువల్ల పోటీ ఆలోచన ఉంటే అంతర్జాలంలో పెట్టకముందే పంపండి. ఫలితాలు వచ్చేదాకా మరెక్కడికీ పంపకండి. బహుమతి పొందిన నవల పుస్తక హక్కు ఎవరిదో పోటీ నిబంధనల్లో చదవకుండా పంపడం తగదు.

ధారావాహికకు పంపదలిస్తే అధ్యాయాల పొడవు దాదాపు సమానంగా ఉండాలి, ప్రతి భాగం చివర వచ్చే వారం దాకా నిలిచే ప్రశ్న ఒకటి ఉండాలి. ఆత్మగతంగా నడిచే నవలను అలా ముక్కలు చేయడం కంటే నేరుగా పుస్తకంగా వేయడమే మేలని నా అభిప్రాయం.

ప్రచురణ సంస్థను ఎంచుకునే ముందు, గత రెండు మూడేళ్లలో వారు వేసిన నవలలు కొన్ని చేతిలోకి తీసుకొని చూడండి. మీ నవల ఆ వరసలో ఇముడుతుందా, ప్రూఫులు (అచ్చుకు ముందు తప్పులు చూసే ప్రతులు) శ్రద్ధగా దిద్దారా, పుస్తకాలు దుకాణాల్లో దొరుకుతున్నాయా అన్నవి అక్కడే తెలుస్తాయి.

8. ఏమేం పంపాలి

- ఒక పేజీ పరిచయ లేఖ: నవల పేరు, పదాల సంఖ్య, రెండు మూడు వాక్యాల్లో ఇతివృత్తం, మీ గురించి ఒక వాక్యం.
- రెండు పేజీల కథాసంగ్రహం. ముగింపు కూడా చెప్పాలి. "మిగతాది నవలలో చదవండి" అన్న వాక్యం సంపాదకుడి దగ్గర పనిచేయదు.
- యూనికోడ్‌లో వర్డ్ ఫైలు, దాని పీడీఎఫ్, రెండూ. పేజీ సంఖ్యలు తప్పనిసరి.
- అడిగితే హామీపత్రం.

ప్రముఖుల ప్రశంసలు, అట్ట బొమ్మ, జీవిత విశేషాల పట్టిక పంపనవసరం లేదు. ఏ తేదీన ఎవరికి ఏ ప్రతి పంపారో రాసి పెట్టుకోండి. మూడు నెలల తరువాత మర్యాదగా ఒకసారి గుర్తు చేయవచ్చు.

9. ఒప్పందం

మాట మీద నడిచే వ్యవహారం తెలుగు ప్రచురణలో ఇప్పటికీ ఉంది. పరిచయం ఎంత ఉన్నా కాగితం మీద పెట్టుకోవాలి, ఎందుకంటే 1957 నాటి కాపీరైట్ చట్టం 19వ సెక్షను ప్రకారం హక్కుల బదలాయింపు రాతపూర్వకంగా, హక్కుదారు సంతకంతో ఉంటేనే చెల్లుతుంది.

కాపీరైట్ రచనతోనే పుడుతుంది; నమోదు తప్పనిసరి కాదు, వివాదం వస్తే సాక్ష్యంగా పనికివస్తుంది. అది రచయిత జీవితకాలం, ఆ తరువాత అరవై ఏళ్లు ఉంటుంది. కాబట్టి "సర్వహక్కులూ శాశ్వతంగా ప్రచురణకర్తవే" అన్న ఒక్క పంక్తి మీ పిల్లల కాలాన్ని కూడా దాటిపోతుంది.

ఒప్పందంలో గడువు రాయకపోతే చట్టం దాన్ని ఐదేళ్లుగా భావిస్తుంది. ప్రాంతం రాయకపోతే భారతదేశానికే పరిమితం చేస్తుంది. బదలాయించిన హక్కును ఏడాదిలోగా వినియోగించకపోతే, ఒప్పందంలో వేరుగా రాసుకుంటే తప్ప, ఆ బదలాయింపు రద్దవుతుంది. హక్కులు ఇచ్చేసిన తరువాత కూడా రచయితగా మీ పేరు ఉండాలని కోరే హక్కు, మీ ప్రతిష్ఠకు భంగం కలిగేలా రచనను వికృతం చేస్తే అభ్యంతరం చెప్పే హక్కు 57వ సెక్షను కింద మీకు మిగిలే ఉంటాయి.

సంతకానికి ముందు చూసుకోవలసినవి:

- ఇస్తున్నది అచ్చు పుస్తక హక్కు మాత్రమేనా, లేక ఈ-పుస్తకం, ఆడియో కూడానా?
- అనువాదం, సినిమా, వెబ్ సిరీస్ హక్కులు మీ దగ్గరే ఉన్నాయని రాసి ఉందా?
- ఎన్ని ప్రతులు, ఎంత గడువు, ఎప్పటిలోగా ముద్రణ?
- రాయల్టీ (అమ్మకం మీద రచయితకు వచ్చే వాటా) ముద్రిత వెల మీదనా, వసూలైన మొత్తం మీదనా? లెక్కలు ఏడాదికి ఎన్నిసార్లు ఇస్తారు?
- రచయితకు ఉచితంగా ఇచ్చే ప్రతులు ఎన్ని?
- ప్రతులు అయిపోయి ఇంతకాలం పునర్ముద్రణ చేయకపోతే హక్కులు వెనక్కి వస్తాయన్న నిబంధన ఉందా?

ఖర్చు మీరే పెట్టాలని అడిగితే, అది ప్రచురణ కాదు, ముద్రణ సేవ. అందులో తప్పేమీ లేదు, కానీ అప్పుడు ప్రతులూ మీవే, హక్కులూ మీవే కావాలి. డబ్బూ మీదై హక్కులు వారివయ్యే కాగితం మీద సంతకం చేయకండి.

10. సొంతంగా అచ్చు వేస్తే

వరస తప్పితే డబ్బు వృథా అయ్యేది ఎక్కువగా ఈ దశలోనే. క్రమం ఇలా ఉండాలి: తుది ప్రతి, ముందుమాట, ఐఎస్‌బిఎన్ (పుస్తకాన్ని గుర్తించే అంతర్జాతీయ సంఖ్య), పేజీల అమరిక, ప్రూఫులు, అట్ట, ముద్రణ.

ముందుమాట ఒకటి చాలు. మూడు ముందుమాటలు, ఇద్దరి అభినందనలు దాటితే తప్ప కథ మొదలుకాని పుస్తకాన్ని దుకాణంలో తిరగేసిన పాఠకుడు అక్కడే పెట్టేస్తాడు. కథ బయటపెట్టకుండా రాయమని ముందే కోరాలి; కొందరు పెద్దలకు ముగింపు చెప్పేయడం అలవాటు.

ఐఎస్‌బిఎన్‌ను రాజా రామమోహన్ రాయ్ జాతీయ ఐఎస్‌బిఎన్ సంస్థ ఉచితంగా ఇస్తుంది. రచయిత సొంత పేరు మీద కూడా దరఖాస్తు చేసుకోవచ్చు. అచ్చు ప్రతికి ఒక సంఖ్య, ఈ-పుస్తకానికి మరొకటి కావాలి.

పేజీల అమరికలో యూనికోడ్ ఫాంట్లు వాడదలిస్తే మండలి, సూరన్న వంటివి స్వేచ్ఛగా దొరుకుతాయి. అను ఫాంటుకు మార్చి చేస్తే మార్పిడి తప్పులు తప్పవు. "సాఫ్ట్‌వేర్", "బస్‌కు" వంటి మాటల్లో పొల్లు పోయి అక్షరాలు ఒత్తులుగా అతుక్కోవడం, కొటేషన్ గుర్తులు తారుమారవడం, అంకెల చోట వింత గుర్తులు రావడం, అరుదైన సంయుక్తాక్షరాలు విరిగిపోవడం ముఖ్యంగా చూడాలి.

మొదటి ప్రూఫును మూలంతో పక్కపక్కన పెట్టి చదవాలి. వీలైతే ఒకరు పైకి చదువుతుంటే మరొకరు చూడాలి. రెండో ప్రూఫులో దిద్దిన పంక్తులనే కాక, వాటికి పైనా కిందా ఉన్న పంక్తులను కూడా చూడాలి, ఎందుకంటే ఒక దిద్దుబాటు పక్కనే మరో తప్పును పుట్టిస్తుంది. ఈ దశలో వాక్యాలు తిరగరాయడం మొదలుపెడితే పని ఎప్పటికీ తెమలదు. అధ్యాయాల పేర్లు, పేజీ సంఖ్యలు, విషయసూచికలోని సంఖ్యలు, కాపీరైట్ పేజీ చివర విడిగా సరిచూడండి. పాఠమంతా పది సార్లు చదివినవారు కూడా అట్ట మీద పేరులో తప్పు వదిలేయడం ఉంది.

తెలుగు నవలలు ఎక్కువగా 1/8 డెమీ, 1/8 క్రౌన్ పరిమాణాల్లో వస్తాయి. పేజీలు పదహారు చొప్పున ఫారాలుగా అచ్చవుతాయి కాబట్టి, మొత్తం 16కు, లేదా కనీసం 8కి గుణిజంగా ఉండేట్టు అమర్చుకుంటే కాగితం వృథా కాదు. వెన్ను వెడల్పు పేజీల సంఖ్యను, కాగితం మందాన్ని బట్టి ఉంటుంది. అందుకే అట్ట ముందువైపు బొమ్మ ఎప్పుడు సిద్ధమైనా, పూర్తి అట్ట మాత్రం పేజీల సంఖ్య ఖరారయ్యాకే తయారు కావాలి.

ఎన్ని ప్రతులన్నది ఉత్సాహంతో నిర్ణయించవద్దు. పంచిపెట్టేవెన్ని, ముందే అడిగినవారెందరు, దుకాణాలు తీసుకోవడానికి ఒప్పుకున్నవెన్ని అని కాగితం మీద వేసి, వాటి మొత్తానికి కొంచెం పైన ఆగండి. తక్కువ ప్రతులకు డిజిటల్ ముద్రణ ఉంది. అయిపోతే మళ్లీ వేయవచ్చు. మంచం కింద మిగిలిన కట్టలు తరువాతి నవలకు పెట్టుబడిని మింగేస్తాయి.

11. అచ్చయిన తరువాత

1954 నాటి పుస్తకాల అందజేత చట్టం ప్రకారం ప్రచురణకర్త, అంటే సొంత ప్రచురణలో మీరే, ప్రచురించిన ముప్ఫై రోజుల్లోగా కోల్‌కతా జాతీయ గ్రంథాలయానికి, చట్టం పేర్కొన్న మరో మూడు గ్రంథాలయాలకు ఒక్కో ప్రతి సొంత ఖర్చుతో పంపాలి. సమీక్షకు పంపే ప్రతులతోపాటు వీటినీ ముందే లెక్కలో వేసుకోండి.

దుకాణాలకు ఇచ్చిన ప్రతులకు తేదీ, సంఖ్య, కమిషను రాసిన రసీదు తీసుకోవాలి. అమ్మకం లెక్క ఎప్పుడు చూస్తారో కూడా అందులోనే రాయించుకోవాలి.

ఒక ప్రతిని "దిద్దుబాటు ప్రతి" అని రాసి మీ దగ్గర ఉంచుకొని, పాఠకులు చూపించిన తప్పులను అందులో ఎర్ర సిరాతో గుర్తించండి. అక్షరదోషాలు మాత్రమే సరిచేసి మళ్లీ వేస్తే అది పునర్ముద్రణ, పాత ఐఎస్‌బిఎన్ సంఖ్యే సరిపోతుంది. అధ్యాయాలు చేర్చినా, తీసివేసినా అది కొత్త కూర్పు అవుతుంది, దానికి కొత్త సంఖ్య తీసుకోవాలి.